కాగితం వాటం

నగరపాలక సంస్థ నుంచి వచ్చిన అబ్బాయి
పలకలాంటి యంత్రం చేతబట్టుకుని అడిగాడు:
"ఈ సందుల్లో కళల వ్యాపారాలు ఎలా పెరిగాయంటారు?"

నేనేమంటాను?
మూడు చక్రాల బండి తోలేవాణ్ణి.
చుంగ్మురో నుంచి ఉల్జిరో దాకా
ముప్పై ఒక్కేళ్లుగా కాగితం మోస్తున్నాను.
పెరగడం నేను చూడలేదు బాబూ,
బరువే చూశాను.

సోల్‌హ్వా సంగతి చెబుతా, రాసుకో.
మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల చేతిలో ఒక తిమింగలం.
తెరిస్తే లేచి నిలబడే పుస్తకం అది.
తోక మాత్రం లేవదు.
సగం లేచి, బడికి లేపిన పిల్లాడిలా
మళ్లీ పక్కకి ఒరిగిపోతుంది.
"కంప్యూటర్లో బాగానే లేచింది" అంది.
"కంప్యూటర్లో నేనూ లేస్తాను"
అన్నాడు అచ్చు కోసే తాక్, నడుం పట్టుకుని.

తర్వాత ఓ ముక్క చించి, తడి వేలితో రాసి
దీపం కింద పెట్టాడు.
ఎటు చుట్టుకుందో చూడు, అదీ దీని వాటం.
కర్రకున్నట్టే కాగితానికీ ఉంటుంది.
నువ్వు అడ్డంగా మడిచావు.
పాఠానికి ఎంతివ్వాలని ఆ పిల్ల అడిగితే
కాఫీ చెప్పమన్నాడు.

కాఫీ తెచ్చిన ప్యో పిన్ని చెప్పింది,
మూడో సందులో రేకు అద్దే ముసలాయన దగ్గర
వెండి రేకు చుట్ట ఒకటి మూలపడి ఉందని.
ఎవరిదో ఆగిపోయిన పెళ్లి, అచ్చుకాని శుభలేఖలు.
ఆ వెండి
తిమింగలం వీపు మీద నీళ్లయింది.

జిగురు అప్పు. అచ్చు అప్పు.
నా బండి కిరాయీ అప్పే.
పద్దు అంటే గోడ మీద సుద్ద గీతలు.
తొలి రెండొందల ప్రతులు
ఎనిమిది గడపలు తిరిగి తయారయ్యాయి.
ఆ ఎనిమిదింటికీ మధ్య దూరం
ఒక సిగరెట్టు కాలేంత.
అలాగే రాసుకో, మీటర్లలో అడక్కు.

మేమేదో ధర్మాత్ములమని కాదు.
పక్కవాడి మర ఆగితే
మన మర గొంతూ మారిపోతుంది, అంతే.
చొక్కాల మీద బొమ్మలేసే కుర్రాడొకడు
ఏడు నెలల్లో మునిగి, చెప్పకుండా పోయాడు.
వాడి గీతలు ఇంకా గోడ మీదే ఉన్నాయి.
చెరపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఇప్పుడు తాక్ షట్టర్ మీద ఎర్ర రంగు సున్నా.
వచ్చే వసంతానికి కూల్చేస్తారట.
సోల్‌హ్వాకి మీవాళ్లే గది ఇచ్చారు,
అద్దాల మేడలో ఏడో అంతస్తు, రెండేళ్లు అద్దె లేదు,
గుమ్మం మీద 'సృజన' అని రాసుందట.
మంచిదే, కాదనను.

పోయిన బుధవారం రాత్రి పదింటికి ఫోను.
కత్తి అంచు విరిగిందట.
పక్క గదిలో ఎవరున్నారమ్మా అంటే
ఆటలు తయారుచేసే అబ్బాయి, సబ్బులమ్మే ఆవిడ,
మంచివాళ్లే మామయ్యా, తలుపులు వేసుకుని పని చేసుకుంటారు, అంది.
తాక్‌ని నిద్రలేపి కత్తి పట్టుకెళ్లాను.
సరుకు బళ్లు వెనక గేటు, పొద్దున తొమ్మిదికి, అన్నాడు కాపలావాడు.
చెప్పుల్లేకుండా దిగొచ్చింది ఆ పిల్ల.
రోడ్డు పక్కన, దొంగసొత్తులా
చేతులు మార్చుకున్నాం.

అబ్బాయి వేళ్లు ఆగిపోయాయి.
ఇంకా నాలుగు ప్రశ్నలున్నాయి అన్నాడు నెమ్మదిగా.
బండెక్కు అన్నాను.
చీకటి పడకముందే ఈ కట్టలు దించాలి.
గట్టిగా పట్టుకో,
ఈ సందుల్లో నేను హారన్ కొట్టను.
కొడితే ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు తల బయటపెట్టి
ఏదో ఒకటి ఎవరికో ఇచ్చిరమ్మంటారు.